గేటు బయటి రోడ్డు ఎవరిది?

సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో ‘కేజీ టు పీజీ’ ప్రాంగణాన్ని 2023 ఫిబ్రవరి 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. ఆరు ఎకరాల స్థలం, సుమారు 3,500 మంది విద్యార్థులకు సరిపడే వసతి. అంగన్‌వాడీ పిల్లల నుంచి కాలేజీ పిల్లల దాకా ఒకే చోటికి వస్తారు. లోపలి గదుల గురించి చాలామంది రాశారు. నేను గేటు బయటి రోడ్డు గురించి రాస్తాను. ఎందుకంటే బడి వదిలిన పది నిమిషాలు పిల్లలంతా ఉండేది ఆ రోడ్డు మీదే.

ఆ రోడ్డు ఎవరిది అని అడిగితే ఒక్క జవాబు రాదు. నేలకు ఒకరు, దీపానికి ఒకరు, బండ్ల వేగానికి ఒకరు బాధ్యులు.

నేల సంగతి ముందు చూద్దాం. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లోని ప్రజా రహదారులు గ్రామ పంచాయతీవి. జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, ప్రధాన జిల్లా రోడ్డు వంటివి మాత్రం ఆ లెక్కలోకి రావు. అందుకే గేటు ముందు స్పీడ్ బ్రేకర్ కావాలంటే ముందు ఆ రోడ్డు ఏ తరగతిదో తెలుసుకోవాలి. పంచాయతీ రోడ్డయితే పంచాయతీ కార్యదర్శిని అడగాలి. ఆర్ అండ్ బీ రోడ్డయితే ఆ శాఖ ఇంజినీరును అడగాలి. ప్రిన్సిపాల్ అధికారం కాంపౌండ్ గోడ దగ్గర ఆగిపోతుంది. మనం మాత్రం ముందుగా ఆయన మీదికే పోతాం.

మా అక్క బిడ్డ చదివిన కాలేజీ ముందు, వేరే ఊళ్లో, ఒక వీధిదీపం నెలల తరబడి వెలగలేదు. చలికాలంలో క్లాసులు అయ్యేసరికి చీకటి పడేది. ఆడపిల్లలు సెల్‌ఫోన్ లైట్ వేసుకుని బస్టాప్ దాకా నడిచేవాళ్లు. నేను ఒక ఆఫీసుకు పోతే ‘స్తంభం మాది కాదు సార్’ అన్నరు. ఇంకో ఆఫీసుల ‘బల్బు మాది కాదు’ అన్నరు. ఇద్దరూ చెప్పింది నిజమే. స్తంభం కరెంటోళ్లది, దానికి బిగించిన దీపం స్థానిక సంస్థది. ఆఖరికి ఒక లైన్‌మన్ స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు చూపించి, అది రాసి మున్సిపాలిటీలో ఇవ్వమన్నాడు. ఇచ్చిన నాలుగో రోజు దీపం వెలిగింది. గంభీరావుపేటలోనైతే స్తంభం సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం, అంటే సెస్‌ది. దీపం గ్రామ పంచాయతీది.

ఇక బండ్ల వేగం చూసే పోలీసుల సంగతి. క్యాంపస్ లోపలికి పోలీసులు రావాలంటే వైస్ చాన్సలర్ అనుమతి తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. అది మర్యాదగా వచ్చిన ఆనవాయితీ తప్ప చట్టంలో ఉన్న గోడ కాదు. ఆ ఆనవాయితీ విలువైనదే, చదువుకునే చోటికి లాఠీ సులువుగా రాకూడదు. ఢిల్లీలో జామియా మిలియా క్యాంపస్ మధ్య నుంచే ప్రజల రోడ్డు పోతుంది. 2019 డిసెంబర్ 15న పోలీసులు లోపలికి వచ్చినప్పుడు, మా అనుమతి లేకుండా వచ్చారని విశ్వవిద్యాలయం గట్టిగా చెప్పింది. మన ఉస్మానియాలోనూ తార్నాక నుంచి విద్యానగర్ వైపు పోయే నగరవాసులకు క్యాంపస్ రోడ్డే దగ్గరి దారి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉస్మానియా ఎన్‌సీసీ గేటు దగ్గర పోలీసుల కంచె ఒకవైపు, విద్యార్థులు ఒకవైపు నిలబడటం రాష్ట్రమంతా చూసింది. గీత ఎక్కడుందో అప్పుడు అందరికీ తెలిసింది.

ఈ పంచాయితీ మన దగ్గరే పుట్టలేదు. ఇంగ్లండులో 1825 నాటి చట్టం ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలకు సొంత కానిస్టేబుళ్లను పెట్టుకునే హక్కు ఇచ్చింది. వాళ్ల అధికారం నాలుగు మైళ్ల దాకా ఊళ్లోకి కూడా చెల్లేది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ దళాన్ని 2003లో రద్దు చేశారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పోలీసులకు ఇప్పటికీ క్యాంపస్ హద్దు దాటి ఒక మైలు దాకా అధికారం ఉంది. మనకు అలాంటి విశ్వవిద్యాలయ పోలీసులు లేరు. గోడకు రెండు వైపులా ఠాణా ఒక్కటే.

ఆ ఠాణా హద్దు గురించి తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లను ఎవరైనా వేధించినప్పుడు ‘అది మా పరిధి కాదు’ అని తిప్పి పంపే రోజులు చట్టం దృష్టిలో పోయాయి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ హద్దులో జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ అంటే ఇదే. ముందు నమోదు చేసుకుని, ఆ తర్వాత అసలు ఠాణాకు పంపుతారు.

గేటు పక్కన గుట్కా, సిగరెట్లు అమ్మే డబ్బా ఉంటే 2003 నాటి పొగాకు చట్టం ఉంది. విద్యాసంస్థకు వంద గజాల లోపల వాటిని అమ్మకూడదు. ఇక్కడ రోడ్డు ఎవరిదన్న ప్రశ్నే రాదు. దారికి అడ్డంగా ఎవరైనా కంకర కుప్ప పోసి కదిలించకపోతే, తీసేయమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఉంది. మండలంలో ఆ హోదా తహసీల్దారుది.

దరఖాస్తు రాసేటప్పుడు ‘కాలేజీ దగ్గర రోడ్డు బాగాలేదు’ అని రాయకండి. గేటు నుంచి ఎన్ని అడుగుల దూరం, ఏ వైపు, స్తంభం నంబరెంత, బండ్లు ఏ వేళకు ఎక్కువ, ఇవన్నీ రాయండి. రోడ్డు ఎవరిదో తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి పట్టుకుపోండి. పంచాయతీ, ఆర్ అండ్ బీ, రెవెన్యూ శాఖల జిల్లా అధికారులు అక్కడ ఒకే హాల్లో కూర్చుంటారు. ‘మాది కాదు’ అని ఒకాయన అంటే, ‘మరి ఎవరిది’ అని అక్కడే, పక్క కుర్చీలో ఉన్నాయన్ని అడగొచ్చు.