కొల్లేటి చెఱువుల యాప్‌కు క్లౌడులో పరీక్ష

కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చేపలను, రొయ్యలను పెంచు రైతునకు రాత్రి నాలుగవ జాము మిక్కిలి భయపెట్టు వేళ. పగలు సూర్యరశ్మిలో ప్రాణవాయువును విడుదల చేయు నీటిలోని నాచు రాత్రియంతయు ఆ వాయువునే పీల్చుకొనుటచేత, తెల్లవాఱుటకు ముందు చెఱువులో దాని పరిమాణము అత్యల్పమగును. లీటరు నీటికి 3 మిల్లీగ్రాముల దిగువకు పడినచో రొయ్య నీరసించును. ఇంకను తగ్గినచో చచ్చును. మబ్బు పట్టిన దినములలో ఈ ఆపద మఱింత త్వరగా ముంచుకొనివచ్చును. నీటిలో కరిగిన ప్రాణవాయువును రైతులు ‘డీఓ’ అందురు. అది తగ్గినప్పుడు ‘డీఓ పడిపోయింది’ అని చెప్పుకొని, వెంటనే నీటిలోనికి గాలిని చేర్చు ఏరియేటర్లు తిప్పుదురు. ఆలస్యమైనచో నెలల శ్రమయు, అప్పు తెచ్చి పెట్టిన పెట్టుబడియు ఒక్క రాత్రిలో నీటిపాలగును.

ఈ కావలిపనిని యంత్రమునకు అప్పగింపవచ్చునను తలంపుతో 2012లో విజయవాడలో ‘ఏరువాక టెక్నాలజీస్’ అను సంస్థ వెలసినది. చెఱువులో తేలియాడు పరికరము నీటిలోని ప్రాణవాయువును, ఉష్ణోగ్రతను కొలిచి దూరముననున్న సర్వరుకు పంపగా, ప్రమాదము పొడసూపినప్పుడు రైతు ఫోనునకు హెచ్చరిక చేరును. ఇట్టి యాప్‌ను నమ్మి నిద్రించు రైతు పక్షమున మన మడుగవలసిన ప్రశ్న ఒక్కటియే: ఆ హెచ్చరిక రావలసిన క్షణమున తప్పక వచ్చునని ఎవరు, ఎట్లు పరీక్షించిరి?

పూర్వము ఈ పరీక్ష ధనవంతులకే సాధ్యము. వేలాది వినియోగదారుల తాకిడిని కృత్రిమముగా సృష్టించుటకు అన్ని యంత్రములు కొనవలయును. పరీక్ష ముగిసిన పిదప అవి మూల పడియుండును. 2006లో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకిచ్చుట మొదలిడిన నాటినుండి ఈ స్థితి మాఱినది. ఆ సంస్థ కేంద్రములు 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను నెలకొన్నవి. ఇట్లు ఇతరుల యంత్రశక్తిని ఇంటర్నెట్ ద్వారా కావలసినంత తీసికొని, వాడినంతకే వెల చెల్లించు పద్ధతినే క్లౌడు అందురు. సముద్రమట్టమునకు 3 అడుగుల ఎత్తున 135 చదరపు కిలోమీటర్లలో ఒదిగియుండు కొల్లేరు సరస్సు బుడమేరు, తమ్మిలేరుల వఱదతో పొంగి 10 అడుగుల మట్టమునకు చేరినప్పుడు 901 చదరపు కిలోమీటర్లకు విస్తరించి, ఉప్పుటేరు నీటిని లాగివేసిన పిమ్మట మఱల ఒదిగిపోవునట్లు, క్లౌడు సామర్థ్యము అవసరమునుబట్టి పెరిగి తరుగును.

పరీక్ష జరుగు తీరు ఇట్లుండును. 10,000 చెఱువులలో పరికరము లున్నవనియు, ఒక్కొక్కటి 5 నిమిషముల కొకమాఱు కొలత పంపుచున్నదనియు అనుకొందము. నిమిషమునకు 2,000 కొలతలు వచ్చుట సామాన్యమైన సర్వరుకైనను భారము కాదు. కాని వేకువజామున నెట్‌వర్కు 20 నిమిషములు ఆగి ఒక్కసారిగా మఱల వచ్చినచో, ప్రతి పరికరమును తాను దాచుకొన్న నాలుగు కొలతలను గుమ్మరించును. 40,000 కొలతలు క్షణములలో వచ్చిపడును. అప్పుడు సర్వరు నిలుచునా? ఆలస్యముగా వచ్చిన పాత కొలతను క్రొత్తదిగా భ్రమించి ‘నీరు బాగున్నది’ అని చూపునా? జవాబందక ఒకే కొలతను రెండుమార్లు పంపిన పరికరమువలన లెక్క తప్పునా? అన్నింటికంటె ముఖ్యముగా, ఆ రద్దీలో నిజముగా ప్రమాదమున నున్న చెఱువు హెచ్చరిక వెనుకబడునా?

వీనిని తెలిసికొనుటకు 10,000 చెఱువులు త్రవ్వనక్కఱలేదు. పరికరమువలె నటించు చిన్న ప్రోగ్రామును వ్రాసి, క్లౌడులో అద్దెకు తీసికొన్న యంత్రములపై వేలకొలది ప్రతులుగా నడిపి, కావలెనని ఆపి, కావలెనని ఒక్కసారిగా లేపి, సర్వరు ప్రవర్తనను గమనించినచో చాలును. లోపము దొరకినచో సవరించి అదే పరీక్షను తిరిగి నడుపవచ్చును. పని ముగియగానే యంత్రములను విడిచిపెట్టవచ్చును. ఏలూరులో నలుగురు యువకులు స్థాపించిన సంస్థయు నేడు ఈ పని చేయగలదు.

ఫోన్ల విషయమునను ఇట్టిదే సౌకర్యము కలదు. 2011లో ముంబయిలో ఆరంభమైన బ్రౌజర్‌స్టాక్ వంటి సంస్థలు వివిధ కంపెనీల నిజమైన ఫోన్లను తమ కేంద్రములలో అమర్చి, ఎవరైనను దూరమునుండి వానిపై తమ యాప్‌ను నడిపి చూచుకొను వీలు కల్పించినవి. నాలుగేండ్ల నాటి చవక ఫోనులో తెలుగు ఒత్తులు విడిపోక కనబడునా, సిగ్నలు సన్నగిల్లినప్పుడు హెచ్చరిక చేరునా అను సంగతులు ఇందువలన ముందే తేలును.

పరీక్షను అశ్రద్ధ చేసిన ఫలితము లోకమునకు తెలియనిది కాదు. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వము ఆరోగ్య బీమాకై తెరచిన వెబ్‌సైటులో తొలినాడు ఆరుగురు మాత్రమే నమోదు పూర్తి చేయగలిగిరి. మొదటినుండి తుదివఱకు జరుపవలసిన సంపూర్ణ పరీక్షకు చివరి రెండు వారములే మిగిలినవని గుత్తేదారులు పిదప సాక్ష్య మిచ్చిరి. మన దేశమున 2021 ఏప్రిల్ 28న 18 ఏండ్లు నిండినవారికి టీకా నమోదు తెరచినప్పుడు ప్రభుత్వ టీకా నమోదు వేదికయైన కోవిన్ తొలుత కొంతసేపు తడబడినను, ఆ ఒక్క దినముననే కోటికి పైగా జనులను నమోదు చేసినది. ప్రజాసేవకు తాకిడి ఎంతటి వేగమున వచ్చునో ఈ రెండును చాటుచున్నవి.

ఐనను క్లౌడు యంత్రము నిచ్చునే కాని వివేకము నీయదు. ఏది పరీక్షింపవలెనో చెప్పగలవాడు చెఱువుగట్టున నిలిచినవాడే. వేకువన డీఓ పడునని తెలియని ఇంజినీరు మధ్యాహ్నపు తాకిడినే పరీక్షించి తృప్తిపడును. అట్లే రైతుల నిజమైన ఫోను నంబర్లను, ఆధార్ వివరములను పరీక్షకై వాడుట అన్యాయము. కల్పిత వివరములే అందుకు చాలును. వ్యక్తిగత సమాచారమును కాపాడుటకు 2023లో పార్లమెంటు చట్టమే చేసియున్నది. ఆపుట మఱచిన యంత్రములకు అద్దె పెరుగుచునే యుండునని కూడ జ్ఞాపకముంచుకొనవలయును.

తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. ఏలూరులో 1989 నుండి సర్ సి.ఆర్. రెడ్డి ఇంజినీరింగు కళాశాల నడచుచున్నది. చేపల చెఱువులు వీనికి దవ్వుల నున్నవి కావు. విద్యార్థులు ఒక వేకువ రైతుతో గట్టున గడపి, అచట చూచిన కష్టములను పరీక్షలుగా వ్రాసి, క్లౌడులో నడిపి చూచినచో అంతకంటె ఫలవంతమైన పాఠ ముండదు. యాప్‌ను రైతు చేతికిచ్చిన పిదప లోపమును కనుగొనువాడు రైతే యగును. దానికి వెల చెల్లించువాడును రైతే. కావున ఆ లోపమును ముందుగా కనుగొనుట తయారుచేయువాని ధర్మము. పరీక్షింపని యాప్‌ను ఏ గట్టుపైనను నిలుపకుడు.