నష్టము వేరు, మోసము వేరు

సుంకేసుల వద్ద తుంగభద్రను వీడి, కర్నూలు మీదుగా కడప సీమకు సాగిపోవు కె.సి. కాలువను ఎరుగనివారు రాయలసీమలో అరుదు. దాని పుట్టుక వెనుక ఒక పెట్టుబడి కథ కలదు. 19వ శతాబ్దిలో మద్రాసు ఇరిగేషను కంపెనీ 10 లక్షల పౌండ్ల మూలధనముతో ఈ పనికి పూనుకొనెను. నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చెను. కాలువ వచ్చెను గాని ఆశించిన రాబడి రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనెను. లెక్క తప్పినది, కాని లెక్క తప్పుట మోసము కాదు.

నేటి పెట్టుబడుల తగవులలోను ఈ భేదమే కీలకము. కంప్యూటరు లెక్కలలో తప్ప చేతికందని క్రిప్టో నాణెముల పేర ఎన్నో పథకములు వెలసినవి. 2015లో మొదలైన గెయిన్ బిట్‌కాయిన్ పథకము నెలకు నూటికి 10 చొప్పున 18 నెలలు ఇత్తునని దేశమున ఆశ చూపెను. వేరుసెనగ నూర్చి ఏటికొకసారి నాలుగు రూకలు కండ్లజూచు ఇంట ఇట్టి మాటకు గల ఆకర్షణ చెప్పనక్కరలేదు. మేనమామ చెప్పెనని మేనల్లుడు, గురువు చెప్పెనని పూర్వవిద్యార్థి డబ్బు కట్టుదురు. పథకము కూలిననాడు కల్పించినవాడు కానరాడు. చెప్పినవాడు వీథిలోనే దొరకును. తన సొమ్మును పోగొట్టుకొన్న ఆ మధ్యవర్తియే నిందితుడగును.

ఇచ్చట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: అతనికి తెలిసియుండెనా? 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 318వ విభాగము, వంచించి సొమ్ము గైకొన్నవానికి 7 ఏండ్ల వరకు శిక్ష విధించుచున్నది. అయితే వంచనాబుద్ధి ఆదినుండియు ఉండవలెనని సుప్రీంకోర్టు 2000లో స్పష్టము చేసెను. క్రమబద్ధము కాని డిపాజిట్లను నిషేధించిన 2019 నాటి చట్టమును, పరులను ప్రేరేపించినవాడు తెలిసి అబద్ధమాడెనా అని చూచును. క్రిప్టో వ్యాపారము తనంత తాను నేరము కాదు. దానిపై రిజర్వు బ్యాంకు విధించిన ఆంక్షలను 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టివేసెను. కావున వకీలు పని దొంగను దాచుట కాదు. ఎవరి సొమ్ము ఎన్నడు ఎచ్చటికి పోయెనో బ్యాంకు పత్రములతో, ఫోను సందేశములతో తేదీలవారీగా న్యాయస్థానము ముందుంచుట. తానును సొమ్ము కట్టిన రసీదు నిందితునికి తోడు. కూలునని తెలిసిన పిమ్మట ఇతరులచే కట్టించి పుచ్చుకొన్న కమీషను అతనికి శత్రువు.

ఇట్టివానికి వకీలెందుకని ఊరు కోపించుట సహజమే. పోయినది కూతురి పెండ్లికి దాచిన సొమ్ము. కాని రాజ్యాంగము 22వ అధికరణము అరెస్టయినవానికి న్యాయవాదిని సంప్రదించు హక్కును, 20వ అధికరణము తనపై తాను సాక్ష్యము చెప్పనక్కరలేని రక్షణను ఇచ్చుచున్నవి. ఫలానా నిందితుని పక్షమున వాదింపరాదని న్యాయవాదుల సంఘములు చేయు తీర్మానములు చెల్లవని సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పెను. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము నిర్బంధములోనున్నవాడు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఉచిత న్యాయసహాయమునకు అర్హుడు. కర్నూలు, కడప జిల్లాల న్యాయసేవాధికార సంస్థలు ఇందుకే ఉన్నవి.

ఈ రక్షణ బాధితునికి కీడు కాదు. మధ్యవర్తిని చెరలో పెట్టించి ఊరు తృప్తిపడినచో అసలు వంచకుని జాడ వెదకువాడుండడు. వాదము సరిగా నడచిననాడే సొమ్ము పోయిన త్రోవ బయటపడును. కాలువకు గండిపడి నీరు పోయినప్పుడు చివరి పొలము రైతుతో కలహించిన లాభమేమి? గండి ఎచ్చట పడినదో వెదకవలెను.