తొందరపడితే 40, ఓపిక పడితే 4,840

కళ్లున్న రంగురంగుల ముద్దలు పైనుంచి జతలుగా రాలుతుంటాయి. ఒకే రంగువి నాలుగు ఆనుకుంటే మాయమవుతాయి. జపాన్‌కు చెందిన కంపైల్ సంస్థ 1991లో తెచ్చిన ‘పుయో పుయో’ ఆటలో మూల నియమం ఇదే. కొత్తవాళ్లు నాలుగు కలవగానే మురిసిపోయి పేల్చేస్తుంటారు. ఓడిపోయేది కూడా అందుకే.

ఆడే చోట అడ్డంగా 6 గళ్లు, నిలువుగా కంటికి కనిపించేవి 12. జతను తిప్పుకోవచ్చు, పక్కకు జరుపుకోవచ్చు. ఎడమ నుంచి మూడో నిలువు వరుస పైదాకా నిండిందా, ఆట ముగిసినట్టే. పైనా కిందా పక్కలా ఆనుకున్నవే లెక్కకొస్తాయి, ఐమూలగా ఉన్నవి రావు. సెగా వారి ‘కాలమ్స్’ ఆటలో ఐమూలకూ విలువుంది, మూడు కలిస్తే చాలు.

ముద్ద వాలగానే కంప్యూటర్ దాని నాలుగు పక్కలా చూస్తుంది. అదే రంగు కనబడితే దాని పక్కలకూ వెళ్తుంది. అలా లెక్క నాలుగుకు చేరితే గుంపును తీసేసి, పైనున్నవాటిని కిందికి జార్చి, మళ్లీ మొదటినుంచి వెతుకుతుంది. ఆటగాళ్లు ప్రాణం పెట్టే ‘గొలుసు’ పుట్టేది ఈ రెండో వెతుకులాటలోనే.

గొలుసు కట్టడానికి తేలికైనది మెట్ల పద్ధతి. ఎడమ అంచు నిలువు వరుసను ఖాళీగా ఉంచాలి. రెండో వరుసలో మూడు ఎర్రవి, వాటి నెత్తిన ఒక నీలం. మూడో వరుసలో మూడు నీలాలు, నెత్తిన ఒక పచ్చ. నాలుగో వరుసలో మూడు పచ్చలు, నెత్తిన ఒక పసుపు. ఇలాగే చివరిదాకా. ఇప్పుడు ఖాళీ అంచులో ఒక ఎర్రది వేస్తే ఎర్రవి నాలుగూ పోతాయి. పైనున్న నీలం నేలకు జారి, పక్కనున్న మూడు నీలాలకు తగులుతుంది. అవి పోగానే పచ్చ జారుతుంది. ఆరో వరుసదాకా ఐదు అంచెలు.

అసలు రుచి పాయింట్లలో ఉంది. 1994లో వచ్చిన ‘పుయో పుయో త్సు’ లెక్కలో, ఒక్కో అంచెకు నాలుగే ముద్దలు పోతే, మొదటి అంచెకు 40, రెండోదానికి 320, ఆపైన 640, 1,280, 2,560. మొత్తం 4,840. అవే ఐదు గుంపులను విడివిడిగా పేల్చితే దక్కేది 200! ఇద్దరు ఆడేటప్పుడు మామూలుగా ప్రతి 70 పాయింట్లకు ఒక చెత్త ముద్ద ఎదుటివారి మీద పడుతుంది. అంటే 200కు రెండు, 4,840కి 69. పదకొండు అడ్డ వరుసలు నిండి ఇంకా మిగులుతాయి. రంగు లేని ఆ చెత్త తనంతట తాను పోదు, పక్కన రంగు గుంపు పేలితేనే పోతుంది. అయితే ‘త్సు’లో బాధితుడికీ ఒక దారి ఉంది. చెత్త పడేలోగా తన గొలుసు పేల్చితే అంతమేరకు కొట్టివేత.

గొలుసుకూ హద్దుంది. పైన కనబడని 13వ అడ్డ వరుసతో కలిపి మొత్తం గళ్లు 78. అంచెకు కనీసం నాలుగు ముద్దలు కావాలి కాబట్టి గళ్లన్నీ నింపినా గొలుసు 19 అంచెలు దాటదు.