కోళ్ళకు, పాడిపశువులకు ఇమ్యూన్ మాడ్యులేటర్లు: ఎంతవరకు ఉపయోగం?

నేను పశువైద్యుణ్ణి. మన సంఘం మిత్రులలో కొందరికి తణుకు పరిసరాల్లో కోళ్ళ ఫారాలున్నాయి. పెట్టుబడి ఇక్కడి నుంచి, పెంపకం అక్కడ అన్నదమ్ములది. వారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న: "ఇమ్యూన్ బూస్టర్ నీళ్ళలో కలిపితే యాంటీబయాటిక్స్, టీకాలు మానేయవచ్చా?"

యాంటీబయాటిక్స్ తగ్గించాల్సిందే. బరువు పెరగడానికి వాటిని మేతలో కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో నిషేధించింది. మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందులను అలా వాడటాన్ని అమెరికా 2017లో ఆపించింది. ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ ఇవ్వడాన్ని భారతదేశం 2019లో నిషేధించింది. అందుకే ఇప్పుడు ఇమ్యూన్ మాడ్యులేటర్లకు గిరాకీ పెరిగింది.

ఇవి క్రిములను నేరుగా చంపవు, శరీరంలోని రక్షణ కణాల పనితీరును మారుస్తాయి. ఉదాహరణకు ఈస్ట్ కణాల గోడలో ఉండే బీటా గ్లూకాన్. దానిని గుర్తించిన మాక్రోఫేజ్ కణాలు శిలీంధ్రమేదో లోపలికి వచ్చిందనుకుని అప్రమత్తమవుతాయి. పాడి ఆవులకు ఈనే ముందు, ఈనిన వెంటనే రక్షణ శక్తి తగ్గుతుంది, పొదుగువాపు వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ సమయంలో న్యూట్రోఫిల్ కణాలను పెంచే పెగ్‌బోవిగ్రాస్టిమ్ ఇంజక్షన్‌ను అమెరికా ఎఫ్‌డీఏ 2016లో ఆమోదించింది. ఎప్పుడు, ఏ పశువుకు, దేనికోసం అన్నది స్పష్టంగా ఉన్నప్పుడే ఇలాంటి మందుతో ప్రయోజనం.

మరి టీకా మానేయవచ్చా? కూడదు. ఏ క్రిమితో పోరాడాలో శరీరానికి నేర్పేది టీకాయే. కోడిపిల్లలో యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు బర్సా అనే అవయవంలో ఎదుగుతాయి. 'బి' అన్న పేరు కూడా దాని నుంచి వచ్చిందే. గంబోరో వైరస్ ఆ బర్సానే నాశనం చేస్తుంది. ఆ తరువాత రాణిఖేత్ (కొక్కెర తెగులు) టీకా వేసినా సరిగా పట్టదు. పోయిన బర్సాను ఏ బూస్టరూ తిరిగి తేలేదు.

పైగా రక్షణ వ్యవస్థను అనవసరంగా రెచ్చగొడితే ఖర్చయ్యేది మేత ద్వారా వచ్చిన శక్తే. దానితో ఎదుగుదల తగ్గుతుంది.

కాబట్టి సీసా కొనేముందు మీవాళ్ళను మూడు విషయాలు అడగండి. టీకాలు ఫారానికి చేరేదాకా చల్లగా ఉంటున్నాయా? మొక్కజొన్నకు బూజు పట్టిందా? (బూజులోని అఫ్లటాక్సిన్ రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది.) ఎండాకాలంలో షెడ్డులో వేడి తగ్గించే ఏర్పాటుందా? ఇవి సరిగా లేకుండా బూస్టర్‌పై పెట్టే డబ్బు చాలావరకు వృథాయే.