లోలకము చెప్పిన నిజము

సన్నని దారమునకు చిన్న లోహపు గుండును కట్టి, కదలని కొక్కెమునకు వ్రేలాడదీసినచో అది లఘులోలకమగును. గుండును కొంచెము ప్రక్కకు లాగి విడిచిన అటునిటు ఊగును. విడిచిన చోటినుండి ఆవలి కొసకు పోయి, మరల మొదటి చోటికి వచ్చుట ఒక డోలనము. అందులకు పట్టు కాలమును ఆవర్తన కాలమందురు.

ఇటలీలోని పీసా నగరమున, ప్రధాన క్రైస్తవ దేవాలయములో ఊగుచున్న దీపమును 1583లో గెలీలియో చూచి, తన నాడితో దాని కాలమును లెక్కించెనని యొక కథ వాడుకలో నున్నది. కథ యెట్లున్నను, ఆయన లోలకములతో పరిశోధనలు చేసిన మాట నిజము. ఊపు చిన్నదైనంతవరకు, అది క్రమముగా తగ్గుచున్నను ఆవర్తన కాలము దాదాపు మారదు. గుండు బరువైనను తేలికైనను మారదు. ఏలయన, బరువైన గుండును భూమి ఎక్కువ బలముతో లాగును. కాని దానిని కదల్చుటకు అంతే ఎక్కువ బలము కావలెను. పొడవు మారినచో మాత్రము కాలము మారును. 25 సెంటీమీటర్ల లోలకమునకు సుమారు ఒక సెకను, 100 సెంటీమీటర్ల దానికి సుమారు రెండు సెకనులు పట్టును. అనగా పొడవు నాలుగు రెట్లయిన కాలము రెండు రెట్లగును.

దారము, గుండు, కొలబద్ద, విరామ గడియారము ఉన్నచో తరగతి గదిలోనే గురుత్వ త్వరణమును కనుగొనవచ్చును. క్రిందపడు వస్తువు వేగము ఒక్కొక్క సెకనుకు ఎంత పెరుగునో తెలుపునదే గురుత్వ త్వరణము. లోలకము పొడవును కొక్కెమునుండి గుండు మధ్యబిందువువరకు మీటర్లలో కొలువవలెను. ఒక్క డోలనమునే కొలిచినచో, గడియారమును నొక్కుటలోని ఆలస్యము ఫలితమును చెరచును. కావున 20 డోలనముల కాలమును కొలిచి 20చే భాగింతురు. పొడవును 39.48చే గుణించి, ఆవర్తన కాలపు వర్గముచే భాగించిన త్వరణము లభించును.

తెలుగునాట ఒక మీటరు లోలకమునకు 20 డోలనములు చేయుటకు సుమారు 40.2 సెకనులు పట్టును. లెక్క 9.77 అని వచ్చును. గడియారమును నడిపించునప్పుడే ‘సున్న’ అనుటకు మారుగా ‘ఒకటి’ అన్న విద్యార్థి ‘ఇరువది’ అనుసరికి జరిగినవి 19 డోలనములే. అతనికి 38.2 సెకనులు, త్వరణము 10.8 వచ్చును. పుస్తకములో 9.8 అని యుండుట చూచి తన అంకెలను దిద్దివేయవలెనను కోరిక అప్పుడే పుట్టును. దిద్దినచో తప్పు మరుగుపడును గాని తొలగదు. ఉన్నదున్నట్లు వ్రాసికొని కారణము వెదకినవాడే ఆ ‘ఒకటి’ని పట్టుకొనగలడు.

అంకెలు సరిపడనప్పుడెల్ల తప్పు కొలిచినవానిదే యని తలపరాదు. 1656లో హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్సు లోలకముతో నడచు గడియారమును కల్పించెను. 1672లో ఫ్రాన్సు ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్ రిషే అట్టి గడియారముతో, దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు చేరువనున్న కయెన్‌కు పోయెను. పారిస్‌లో సరిగా నడచిన గడియారము అచ్చట దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడెను. సెకనులు సరిగా కొట్టుటకు లోలకమును సుమారు 3 మిల్లీమీటర్లు కురుచ చేయవలసి వచ్చెను. ఆయన నెలల తరబడి మరల మరల కొలిచి, ఆ అంకెనే వ్రాసికొని తెచ్చెను. అది పొరపాటని కొందరు శంకించిరి. కాని 1687లో న్యూటను తన గ్రంథమున దాని కారణమును వివరించెను. భూమి తిరుగుచుండుటచేతను, ధ్రువములకడ అణగి నడుమ ఉబ్బియుండుటచేతను భూమధ్యరేఖకడ గురుత్వము తక్కువ. మూడు మిల్లీమీటర్ల తేడా భూమి ఆకారమునే తెలిపెను!

ధ్రువములకడ గురుత్వ త్వరణము 9.83, భూమధ్యరేఖకడ 9.78. పుస్తకములోని 9.8 లెక్కకు సులువుగా నుండుటకై సవరించిన అంకె. తెలుగునాట అసలు విలువ సుమారు 9.78. కావున శ్రద్ధగా కొలిచి 9.77 అని వ్రాసిన విద్యార్థి పుస్తకమునకు కొంచెము దూరమైనను, నిజమునకు మిక్కిలి చేరువలో నున్నాడు.