చీరాల నేతన్నలకు నెలకు రూ.4 వేల పెన్షన్.. మరి ఇంట్లో రెండో మనిషి సంగతేంటి?

చీరాల, వేటపాలెం, జాండ్రపేట.. ఇక్కడ ఏ వీధికెళ్లినా మగ్గం చప్పుడే. కానీ నేత పనిలో పీఎఫ్ ఉండదు, రిటైర్మెంట్ డబ్బులు రావు. చూపు తగ్గినా, నడుం వంగకపోయినా సంపాదన అక్కడితో ఆగినట్టే.

అందుకే ఏపీ ప్రభుత్వం చేనేత కార్మికులకు 50 ఏళ్లకే పెన్షన్ ఇస్తోంది. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు రూ.4,000 అందుతోంది. అంతకుముందు ఇది రూ.3,000.

అయితే ఇక్కడో మెలిక ఉంది. సాధారణంగా కుటుంబానికి ఒక్క పెన్షనే. దివ్యాంగులకు, కొన్ని తీవ్ర వ్యాధులున్న వారికి మాత్రం మినహాయింపు ఉంది. భర్త మగ్గం నేస్తే భార్య కండెలు చుడుతుంది. కష్టం ఇద్దరిదీ. పెన్షన్ మాత్రం ఒకరికే. ఇద్దరూ ఆ నాలుగు వేలతోనే మందులు, ఇంటి ఖర్చు నెట్టుకురావాలి.

మరి ఏం చేయాలి?

వయసు 40 దాటకముందే రెండో మనిషి పేరిట అటల్ పెన్షన్ యోజనలో చేరొచ్చు. 2015లో కేంద్రం తెచ్చిన పథకం ఇది. 18 నుంచి 40 ఏళ్ల లోపు వారు అర్హులు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు చేరడానికి వీల్లేదు. బ్యాంకు లేదా పోస్టాఫీసు పొదుపు ఖాతా ఉంటే చాలు.

60 ఏళ్ల తర్వాత నెలకు రూ.5,000 కావాలంటే ఎంత కట్టాలి? 18 ఏళ్లకు చేరితే నెలకు రూ.210. 30 ఏళ్లకైతే రూ.577. అదే 40 ఏళ్లకు చేరితే రూ.1,454. ఎంత ఆలస్యం చేస్తే అంత భారం అన్నమాట. అంత కట్టలేకపోతే రూ.1,000 పెన్షన్‌ నుంచి కూడా ఎంచుకోవచ్చు.

వానాకాలంలో మగ్గం గుంటల్లోకి నీళ్లొస్తే పని ఆగిపోతుంది. కాబట్టి నెలనెలా కట్టడం కష్టమనుకుంటే మూడు నెలలకో, ఆరు నెలలకో ఒకసారి కట్టే వీలుంది. వాయిదా రోజుకు ఖాతాలో డబ్బు లేకపోతే మాత్రం అదనపు రుసుం పడుతుంది.

చందాదారు చనిపోతే అదే పెన్షన్ జీవిత భాగస్వామికి వస్తుంది. ఇద్దరి తర్వాత జమైన సొమ్ము నామినీకి ఇస్తారు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇప్పటి రూ.5,000కు ఉన్న విలువ 30 ఏళ్ల తర్వాత ఉండదు. అందుకే దీనికి తోడు కాస్త పొదుపు కూడా తప్పదు.