వైడ్ లెన్సు మీది రెండు సుంకాలు

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 35 ఎంఎం, దేవి 70 ఎంఎం అన్న పేర్లు చదువుతూ పెరిగిన చిక్కడపల్లి కుర్రాడు కెమెరా కొనబోతే మొదట తికమకపడేది ఆ ఎంఎం దగ్గరే. హాలు పేరులోని అంకె ఫిలిం వెడల్పు. అది పెరిగితే బొమ్మ పెద్దదవుతుంది. లెన్సు మీది అంకె నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్). అది తగ్గేకొద్దీ దృశ్యం విశాలమవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, అంటే 35 ఎంఎం ఫిలిం గడి సైజు సెన్సరున్నదాంట్లో, 50 ఎంఎం లెన్సు మూల నుంచి మూలకు దాదాపు 47 డిగ్రీలు చూస్తే, 16 ఎంఎం 108 డిగ్రీలు చూస్తుంది. వెనక్కి జరిగే చోటుంటే ఇంత అవసరం లేదు. కానీ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదానిమీదొకటి ఎక్కిన అశోక్‌నగర్ సందులో రెండడుగులు వెనక్కి వేస్తే వీపు ఎదురింటి గోడకు ఆనుతుంది. వైడ్ లెన్సు మీద ఆశ పుట్టేది అక్కడే, ధర విని నీరుగారేదీ అప్పుడే. నిజానికి విశాలంగా చూడటానికి గాజు ఎప్పుడూ పెద్దగా అడగలేదు. ఖరీదంతా రెండు సుంకాల్లో ఉంది. ఒకటి కెమెరాలోని అద్దం వసూలు చేసింది, రెండోది ఎక్కువ వెలుతురు కావాలని మనం కోరి కట్టేది. మొదటిది దాదాపు రద్దయింది. రెండోది కొత్తగా నేర్చుకునేవాళ్లు కట్టనక్కర్లేదు.

రుజువు 1900 నాటిది. జర్మనీకి చెందిన గోర్జ్ కంపెనీ అప్పట్లో తెచ్చిన హైపర్‌గాన్‌లో ఉన్నవి రెండే గాజులు, అర్ధగోళాల్లా వంగిన పల్చటి చిప్పలు. వాటితోనే 130 డిగ్రీలకు పైగా పట్టేది. ముందుచిప్ప తెచ్చిన వంకరను వెనకచిప్ప సరిచేసేది. చిక్కంతా వెలుతురుతో వచ్చింది. ఏటవాలుగా వచ్చే కాంతి ప్లేటు అంచుకు చేరేసరికి నీరసిస్తుంది. తగ్గుదల కోణం కొసైన్ నాలుగో ఘాతం చొప్పున ఉంటుంది కాబట్టి, 60 డిగ్రీల దగ్గర మిగిలేది నడిమి వెలుతురులో పదహారో వంతే. అందుకని లెన్సు ముందు నక్షత్రం ఆకారంలో బుల్లి పంకా ఒకటి అమర్చారు. రబ్బరు బుడ్డి నొక్కితే ఆ గాలికి అది గిర్రున తిరుగుతూ నడిమి కాంతిని అడ్డుకునేది. మూలలకు తగినంత వెలుతురు అందాక దాన్ని పక్కకు తప్పించి, ఫొటో పూర్తిచేసేవారు. ఇవాళ కెమెరా చిప్పు లెక్కలు కట్టి మూలలను వెలిగించడం అదే పని, గాలి ఊదే శ్రమ తప్పింది.

సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాలు జనంలోకి వచ్చాక కథ మారింది. లెన్సు చూసేదే కంటికి చూపించాలంటే లెన్సుకూ ఫిలింకూ నడుమ ఏటవాలుగా ఓ అద్దం నిలవాలి, షట్టర్ పడేముందు పైకి లేవాలి. దానికి దాదాపు 45 మిల్లీమీటర్ల చోటు కావాలి. మామూలు పద్ధతిలో కట్టిన 35 ఎంఎం లెన్సేమో ఫిలింకు ఇంచుమించు 35 మిల్లీమీటర్ల దగ్గరే ఉండాలి, అద్దం లేస్తే దానికి తగులుతుంది. 1950లో ఫ్రాన్సుకు చెందిన పియేర్ ఆంజెనియూ దీనికి దారి చూపాడు. ముందు పుటాకార గాజుతో కిరణాలను విచ్చదీసి, వెనక కుంభాకార గాజులతో దూరాన కలిపాడు. టెలిఫోటోను తిరగేసినట్టన్నమాట. ఆయన తన లెన్సుకు పెట్టుకున్న రెట్రోఫోకస్ పేరే ఈ తరహాకంతటికీ స్థిరపడింది. అయితే ముందువెనకల జోడీ కుదరకపోవడంతో ఒకదాని దోషాన్ని ఇంకొకటి కొట్టేయడం పోయింది. దోషం దోషానికీ ఓ గాజు చేర్చుకుంటూ పోవాల్సి వచ్చింది, ముందుగాజు పళ్లెంలా పెరిగింది. అద్దం సుంకం అంటే ఇదే.

అద్దం తీసేసిన మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక ఆ సుంకం ఎలా తగ్గిందో ఒక జతలో చూడొచ్చు. 2014లో కానన్ అద్దం కెమెరాకు తెచ్చిన 10–18 ఎంఎం లెన్సులో 14 గాజులున్నాయి, బరువు 240 గ్రాములు, అమెరికాలో అప్పటి ధర 299 డాలర్లు. అదే కంపెనీ 2023లో అదే నాభ్యంతరాలతో, అదే సైజు సెన్సరున్న అద్దంలేని కెమెరాకు చేసిన లెన్సులో 12 గాజులే, బరువు 150 గ్రాములే. అద్దం పోతే ధర ఎందుకు పడలేదని అడగొచ్చు, రెండోది 329 డాలర్లకు వచ్చింది కదా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ 2014 నాటి లెన్సే ప్లాస్టిక్ మౌంటుతో, ఎఫ్/4.5 నుంచి మొదలయ్యే చిన్న అపెర్చర్‌తో రెండో సుంకాన్ని వదిలించుకుని, ధరను ముందే నేలకు దించింది. అద్దం పోయినందువల్ల దక్కిన లాభం తర్వాత బరువులో కనబడింది. ప్లాస్టిక్ మౌంటు విరుగుతుందన్న భయం కిలో బరువు లెన్సుకు సరిపోతుంది గానీ పావుకిలో లేనిదానికి కాదు.

రెండో సుంకం సంగతికొస్తే, ఎఫ్/2.8 లెన్సు ఎఫ్/4.5 కంటే దాదాపు రెండున్నర రెట్ల వెలుతురు తెస్తుంది, అది కాదనలేని మాటే. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాల మీద వంగి కూర్చున్నవాళ్లు కదలరు కాబట్టి చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఉంటే నెమ్మది షట్టర్ చాలు. త్యాగరాయ గానసభలో నర్తకి కదులుతుంది, అక్కడ స్టెబిలైజర్ పనికిరాదు. కానీ ప్రేక్షకుల వరసలోంచి వేదికను తీయడానికి వైడ్ లెన్సెందుకు? చవకైన 50 ఎంఎం ఎఫ్/1.8 ఆ పని ఇంకా బాగా చేస్తుంది. ఇక ఫోన్లోనే 0.5 బటన్ ఉంది కదా అనేవాళ్ల మాట పగటి వెలుతురులో నిజం, సాయంత్రం నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆ బుల్లి సెన్సర్ మచ్చలు చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో వంకర తీయడం మోసమనే వాళ్లూ ఉన్నారు. మూలలు సాగదీస్తే అక్కడ వివరం కొంత పలచబడుతుంది, ఒప్పుకోవాలి. కానీ గ్రూప్ ఫొటోలో చివరన నిలబడ్డ బాబాయి ముఖం సాగిపోవడం ఎంత ఖరీదైన లెన్సుకైనా తప్పదు, అంత కోణాన్ని చదును తలం మీద పరిస్తే జరిగేదే అది.

కాబట్టి పెట్టెతో వచ్చిన 18–55 లెన్సును 18 దగ్గర పెట్టి నెల్లాళ్లు తీయండి, ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ మీద అది 74 డిగ్రీలు చూస్తుంది. అదీ చాలకపోతే పాత అద్దం కెమెరాకు సెకండ్ హ్యాండ్ 10–18 వెతకండి. కొనేముందు సెల్ టార్చి ఒకవైపు నుంచి వేసి లోపల సాలెగూడులాంటి ఫంగస్ ఉందేమో చూడండి. ఇంకో జాగ్రత్త: ఫుల్‌ఫ్రేమ్ కోసం చేసిన 16 ఎంఎం చవగ్గా దొరికిందని కానన్ క్రాప్ సెన్సర్ బాడీకి తగిలిస్తే అది 26 ఎంఎంలా చూస్తుంది, అదే బాడీ మీద మీ దగ్గర ముందే ఉన్న 18కీ దానికీ తేడా అంతంతే.